శ్రీయుత పాస్‌వర్డ్ బాక్సు గారికి

మహారాజశ్రీ పాస్‌వర్డ్ బాక్సు గారి సముఖానికి,

చెన్నై జార్జిటౌను నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. మీరు తెరమీద ఉన్నంతసేపు ఇక్కడ ఎవరికీ కుశలం ఉండదు కనుక ఆ మాట వదిలేస్తున్నాను.

నేను లింగిచెట్టి వీధిలో, తంబుచెట్టి వీధిలో ఉన్న కొన్ని కస్టమ్స్ క్లియరింగ్ ఏజెంట్ల ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసుకుంటుంటాను. నన్ను పిలిచే యజమానుల్లో ఎక్కువమంది తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చి స్థిరపడినవారు. ఓడ వచ్చిన కబురు, డెలివరీ ఆర్డరు, ఇన్‌వాయిసు అన్నీ ఇప్పుడు మెయిల్లోనే వస్తాయి. ఇచ్చిన గడువు దాటి కంటెయినరు రేవులో కూర్చుంటే డెమరేజి, అంటే ఆలస్యపు రుసుము, పడుతుంది. సరిగ్గా ఆ గడువు ముగిసే రోజునే తమరికి మెయిల్‌కు అడ్డంగా నిలబడాలని బుద్ధి పుడుతుంది.

తమరి రూపం వర్ణించాలంటే పెద్దగా ఏమీ లేదు. తెర మధ్యలో అరచేయంత జాగా. పైన సర్వరు పేరు, దాని కింద ముందే నింపిన యూజర్ నేమ్, ఆ కింద ఖాళీ గడి, ‘గుర్తుంచుకో’ అనే చిన్న టిక్కు, ఓకే, క్యాన్సిల్. అకౌంట్లు చూసే అక్క కళ్లజోడు సవరించుకుని, నోటుపుస్తకం చివరి పేజీ తీసి, చూపుడువేలితో ఒక్కొక్క అక్షరమే పైకి చదువుకుంటూ కొడుతుంది. రహస్యం ఆ గదిలో అందరికీ, టీ తెచ్చే కుర్రాడితో సహా, కంఠస్థం అవుతుంది. ఓకే నొక్కగానే తమరు మాయమవుతారు. అక్క ముఖం వికసిస్తుంది. అంతలోనే తమరు మళ్లీ ప్రత్యక్షం! అదే ఖాళీ గడి, అదే అమాయకత్వం. టిక్కు పెట్టినా గుర్తుండదు. ‘తప్పు కొట్టానేమో బాబూ’ అని అక్క తననే తిట్టుకుంటుంది. తమరి మీద నా మొదటి అభియోగం ఇదే. తప్పు ఎవరిదైనా సరే, నింద మాత్రం టైపు చేసిన వేలి మీద పడేలా చూస్తారు.

సర్వరు మూగది కాదని తమరికీ తెలుసు, నాకూ తెలుసు. ఉత్తరం పంపే సర్వరు కాదన్నప్పుడు కారణం కూడా అంకెల్లో చెబుతుంది. 535 అంటే పేరో పాస్‌వర్డో చెల్లలేదని. 454 అంటే ఇబ్బంది తన దగ్గరే ఉంది, కాసేపాగి రమ్మని. 534 అంటే ఈ పద్ధతి బలహీనం, గట్టి పద్ధతిలో రమ్మని. ఉత్తరాలు చదివించే ఐమ్యాప్ అనే పద్ధతికి కూడా 2009లోనే ఇలాంటి మాటలు ఏర్పరిచారు. గడువు తీరిందని చెప్పడానికి ‘ఎక్స్‌పైర్డ్’, సేవ ప్రస్తుతానికి అందదని చెప్పడానికి ‘అనవైలబుల్’, చివరికి నాలాంటివాణ్ణి పిలవమని చెప్పడానికి ‘కాంటాక్ట్ అడ్మిన్’ అనే మాట కూడా ఉంది. నా ఉద్యోగానికి ఒక అంతర్జాతీయ ప్రమాణంలో చోటు దక్కిందని తెలిసి ఎంత పొంగిపోయానో! ఆ కబురు అక్కదాకా చేరాలి కదా. సర్వరు ఏ కారణం చెప్పినా తమరు గుటుక్కున మింగేసి, బయటికి వచ్చి ఒకటే పాట పాడతారు: పాస్‌వర్డ్, పాస్‌వర్డ్.

2022లో జరిగింది తమరు మరిచిపోయి ఉంటారు. ఆ ఏడాది మే 30 నుంచి, వ్యక్తిగత ఖాతాల్లోకి ఉత్త పాస్‌వర్డ్‌తో వచ్చే పాత సాఫ్ట్‌వేర్లను గూగుల్ రానివ్వడం మానేసింది. అక్టోబరు 1 నుంచి మైక్రోసాఫ్ట్ కూడా ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్ అనే తన మెయిల్ సేవలో అదే దారి పట్టింది. ఇద్దరూ చేసింది సబబే. అప్పట్లో దొంగలు ఎక్కువగా దూరింది ఆ పాత దారినే. కానీ పాత మెయిల్ సాఫ్ట్‌వేరుతో నెట్టుకొస్తున్న ఆఫీసుల్లో తమరు చేసినదేమిటి? పాస్‌వర్డ్ అడిగి లోపలికి వెళ్లే పద్ధతే రద్దయిపోయిందని చెప్పాల్సింది పోయి, మళ్లీ ఆ పాస్‌వర్డ్‌నే అడిగారు. అక్షరం పొల్లుపోకుండా సరైన పాస్‌వర్డ్ కొట్టినవారు కూడా తమరి ముందు దోషుల్లా కూర్చున్నారు.

తమరి వెనక ఉండే సెట్టింగుల పేజీ గురించి కూడా రెండు ముక్కలు. అక్కడ 465 అని ఒక పోర్టు ఉంది. పోర్టు అంటే ఓడరేవు కాదు, సర్వరు లోపలికి వెళ్లే తలుపు నంబరు. 1997లో భద్రమైన మెయిల్ కోసం దాన్ని నమోదు చేశారు. కొద్దికాలానికే ఆ నమోదు రద్దు చేసి, మెయిల్‌తో సంబంధం లేని వేరే పనికి రాసిచ్చారు. మెయిల్ అప్పగించడానికి 1998 డిసెంబరులో 587ను చూపించారు. అయినా 465లో ఉన్నవారు ఖాళీ చేయలేదు. చివరికి 2018 జనవరిలో దాన్ని మళ్లీ మెయిల్‌కే ఇచ్చారు, రెండోవారి పేరు కొట్టేయకుండానే! మా వైపు ఒకే సర్వే నంబరుకు ఇద్దరి చేతిలో పట్టాలున్న పొలాలు బోలెడు. తహసీల్దారు కూడా ఇంతకంటే శ్రద్ధగా చిక్కుముడి వేయలేడు. 465 అయితే మొదటి మాట నుంచే అంతా రహస్యం. 587 అయితే మామూలుగా పలకరించి, తర్వాత స్టార్ట్‌టీఎల్‌ఎస్‌తో రహస్యంలోకి మారాలి. పోర్టు ఒకటి, పద్ధతి ఇంకొకటి ఎంచుకుంటే పని జరగదు. ఇవేవీ తెలియని మనిషి ఎదుట ‘ఎస్‌ఎస్‌ఎల్, టీఎల్‌ఎస్, ఆటో, ఏదీ వద్దు’ అని నాలుగు ఎంపికలు పరుస్తారు. మెయిల్స్ వస్తున్నాయి కానీ వెళ్లడం లేదని ఫోను వస్తే, బయటికి పంపే సర్వరుకు కూడా లాగిన్ కావాలనే టిక్కు ఎవరూ పెట్టలేదని నేను మెట్లెక్కక ముందే తెలిసిపోతుంది. ఆ టిక్కును ‘మోర్ సెట్టింగ్స్’ లోపల రెండో పేజీలో దాచిన మహానుభావుడు ఎవరో కానీ, ఆయన దయవల్లే నా ఇల్లు గడుస్తోంది.

ఇక పెద్ద నేరం. ఒక ఆఫీసులో పెద్దాయన పాస్‌వర్డ్ మార్పించారు. కంప్యూటర్లో మార్చాం. ఆయన జేబులోని ఫోనులో మార్చాం. ఇంట్లో మనవరాలు పాటలు వినే పాత ఫోనులో కూడా అదే ఖాతా ఉందని ఎవరికీ గుర్తులేదు. ఆ పిల్ల సెలవుల్లో తాతతో ఆఫీసుకు వచ్చింది. ఫోను ఆఫీసు వైఫైకి తగులుకుని, పాత పాస్‌వర్డ్‌తో సర్వరును పదే పదే అడగడం మొదలుపెట్టింది. సర్వరు దీన్ని దొంగ అనుకుంది. అది అలా అనుకోవడంలో తప్పు లేదు. ఆఫీసంతా ఒకటే కనెక్షను, బయటికి కనబడేది ఒకటే ఐపీ చిరునామా (నెట్టులో గుర్తుపట్టే నంబరు) కాబట్టి మొత్తం ఆఫీసును బయటికి నెట్టింది. అన్ని తెరల మీద తమరు ఒకేసారి అవతరించారు. అందరూ తమ తమ పాస్‌వర్డ్‌లు కొట్టసాగారు. సర్వరు అమ్మినవారికి ఫోను చేస్తే వచ్చిన సలహా ఏమిటో తమరు ఊహించగలరు: ‘దయచేసి మీ పాస్‌వర్డ్ ఒకసారి సరిచూసుకోండి సార్.’ తమరి శిష్యులు మనుషుల్లో కూడా ఉన్నారని ఆ రోజే తెలిసింది.

ఇంతవరకు చెప్పినవన్నీ విసుగు పుట్టించే సంగతులు. ఇప్పుడు చెప్పబోయేది భయం పుట్టించేది. రోజుకు ఇన్నిసార్లు అడిగి అడిగి, ఎక్కడ ఖాళీ గడి కనబడినా పాస్‌వర్డ్ కొట్టేయడం తమరు మావాళ్లకు అలవాటు చేశారు. ‘మీ మెయిల్‌బాక్సు నిండిపోయింది, ఇక్కడ లాగిన్ అవ్వండి’ అని దొంగ మెయిల్ వస్తే, అందులోని గడి తమరి పోలికలతోనే ఉంటుంది. లోపలికి దూరినవాడు హడావిడి చేయడు. ఇన్‌వాయిసులు తీరిగ్గా చదివి, సరిగ్గా చెల్లింపు రోజున ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అని యజమాని పేరుతో ఉత్తరం రాస్తాడు. దిగుమతి వ్యాపారంలో ఆ ఒక్క ఉత్తరం చాలు.

అసలు తమరి బంధువర్గం మనిషిని అడగకుండానే పాస్‌వర్డ్ అప్పగించిన చరిత్ర కూడా ఉంది. మెయిల్ సెట్టింగులు తనంతట తానే వెతికి పెట్టే ఆటోడిస్కవర్ అనే ఏర్పాటు ఉంది కదా. కంపెనీ చిరునామాలో సెట్టింగులు దొరక్కపోతే కొన్ని సాఫ్ట్‌వేర్లు అంతటితో ఆగకుండా ‘ఆటోడిస్కవర్ డాట్ కామ్’, ‘ఆటోడిస్కవర్ డాట్ ఇన్’ వంటి బయటి చిరునామాలకు కూడా వెళ్లేవి. 2021లో గార్డికోర్ అనే సైబర్ భద్రతా సంస్థ పరిశోధకులు అలాంటి కొన్ని చిరునామాలు కొని ఊరికే కాచుకు కూర్చున్నారు. ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు 3,72,072 లాగిన్ వివరాలు వాటంతట అవే వచ్చి చేరాయి. వాళ్లు పరిశోధకులు కనుక మనకు చెప్పారు.

నా కోరికలు పెద్దవేమీ కావు. అడుగుతున్నది ఉత్తరాలు తెచ్చే సర్వరో, పంపే సర్వరో పెద్ద అక్షరాల్లో చెప్పండి. సర్వరు కాదన్న కారణం మింగకుండా బయట పెట్టండి. కనెక్షను తెగినప్పుడు ‘కనెక్షను తెగింది’ అనండి. నెట్టు లేని వేళ పాస్‌వర్డ్ ఎవరికి చూపిద్దామని?

ఈలోగా నా జాగ్రత్త నేను తీసుకున్నాను. ప్రతి తెర కింద తెలుగులో, తమిళంలో చీటీ అంటించాను: ‘పాస్‌వర్డ్ రెండుసార్లే కొట్టండి. మళ్లీ అడిగితే క్యాన్సిల్ నొక్కి నాకు ఫోను చేయండి.’ అక్క అది శ్రద్ధగా చదివి, నోటుపుస్తకంలో ఎక్కించుకుని అడిగింది: ‘అలాగే బాబూ. కానీ మూడోసారికి తీసుకుంటుందేమో కదా?’

ఇట్లు,
లింగిచెట్టి వీధి మెట్లు ఎక్కి దిగే
మీ కాంటాక్ట్ అడ్మిన్