పైన పటారం వద్దు, ముందు పడవ అడుగు చూడండి

పాత సెయిల్‌బోటు కొనగానే మనవాళ్లు చేసే మొదటి పని రంగు వేయించడం. రెండోది పెద్ద స్క్రీను ఉన్న చార్ట్‌ప్లాటర్ (జీపీఎస్‌తో దారి చూపే మ్యాపు) బిగించడం. మూడోది లిథియం బ్యాటరీ. ఈ మూడూ అయ్యాక ఫొటో పెట్టి పడవ రెడీ అంటారు. రెడీ కాలేదండీ. ముప్ఫై ఏళ్ల నాటి ఫైబర్ పడవ అది. నీళ్లని ఆపుతున్న ఇత్తడి వాల్వులు అప్పటివే. మాస్టుని, అంటే తెరచాప స్తంభాన్ని, పట్టుకున్న చైన్‌ప్లేట్లూ (మాస్టు వైర్లని పడవకి బిగించే స్టీలు పట్టీలు) అప్పటివే. పైన పటారం, లోన లొటారం. పునాదిలో చెమ్మ ఊరుతుంటే గోడకి సున్నం కొట్టి ఏం లాభం?

డబ్బు ముందు నీళ్లు లోపలికి రాకుండా ఆపే వాటి మీద పెట్టాలి. తర్వాత మాస్టుని నిలబెట్టే వాటి మీద, ఆ తర్వాత లంగరు మీద. స్క్రీను వంతు చిట్టచివర. పైగా యానాం దగ్గరో కాకినాడ దగ్గరో పడవ కట్టుకునేవాళ్లకి మాన్యువల్‌లో రాసిన లెక్క అచ్చంగా సరిపోదు. గోదారి పాయల్లో నీళ్లు ఎండాకాలమంతా ఉప్పు, ఎర్రనీరు (వరద నీరు) వచ్చిన నెలల్లో మంచినీళ్లు, మిగతా రోజుల్లో రెండూ కలిసిన నీళ్లు.

సీకాక్‌లతో, అంటే పడవ అడుగు రంధ్రాలకి బిగించే వాల్వులతో, మొదలుపెడదాం. ముప్ఫై అడుగుల పడవకి నీటి మట్టం కింద ఆరో ఏడో రంధ్రాలుంటాయి: ఇంజిన్‌కి నీళ్లు లాగేది, టాయిలెట్‌కి రెండు, సింకుది, కాక్‌పిట్ నీళ్లు పోయేవి. ఇందులో ఒక్క 38 మిల్లీమీటర్ల వాల్వు, నీటికి 60 సెంటీమీటర్ల కింద ఉన్నది, విరిగిందనుకోండి. నిమిషానికి దాదాపు 140 లీటర్లు లోపలికొస్తాయి. పది నిమిషాల్లో 1400 లీటర్లు. పడవ అడుగున చేరిన నీళ్లని తోడే మీ బిల్జి పంపు మీద నిమిషానికి 60 లీటర్లు అని రాసి ఉంటుంది. నీళ్లు పైకెక్కాల్సిన ఎత్తు, పైపు వంపులు లెక్కేస్తే అందులో సగానికి కాస్త అటూ ఇటూగా వస్తాయి. లోపలికొచ్చే నీటిని తోడేయగలం అనుకోవద్దు. రాకుండా ఆపడమే దారి.

హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు ఇత్తడి వాల్వులో నలభై శాతం దాకా జింకే ఉంటుంది. ఉప్పునీళ్లు ఆ జింకుని మెల్లగా లాగేస్తాయి. మిగిలేది స్పాంజిలాంటి రాగి. పైకి చూస్తే వాల్వు వాల్వులాగే ఉంటుంది, హ్యాండిల్ కూడా తిరుగుతుంది. కత్తి మొనతో గీకి చూడండి. పసుపు రంగు మెరిస్తే ఇంకా బాగున్నట్టు, గులాబీ రంగు కనపడితే దాని పని అయిపోయినట్టు. పడవ ఒడ్డున ఉన్నప్పుడే చిన్న సుత్తితో గట్టిగా తట్టి చూడాలి, విరిగేదైతే అక్కడే విరగనివ్వాలి. కొత్తది పెట్టేటప్పుడు కంచుదో గన్‌మెటల్‌దో పెట్టండి, లేదా జింకు పోకుండా తయారు చేసిన డీజడ్‌ఆర్ ఇత్తడి. ప్రతి పైపుకీ 316 స్టీలు క్లిప్పులు రెండు. ప్రతి వాల్వు పక్కనా దాని సైజుకి సరిపడే మెత్తటి చెక్క బిరడా తాడుతో కట్టి ఉంచాలి. నెలకోసారి అన్ని వాల్వులూ మూసి తెరవాలి. తిప్పకుండా వదిలేసిన వాల్వు బిగుసుకుపోతుంది, అవసరం పడ్డ రోజున చేతికొచ్చేది విరిగిన హ్యాండిలే.

ఇప్పుడు ఆనోడ్లు, అంటే ప్రొపెల్లర్ లాంటివి తినిపోకుండా వాటి బదులు తాము అరిగిపోయే లోహపు ముక్కలు. ఇక్కడే మన డెల్టాకి వేరే లెక్క. ఉప్పునీళ్లలో జింకు ముక్క బాగా పనిచేస్తుంది. అదే ముక్క నెలల తరబడి మంచినీళ్లలో నానితే దాని మీద తెల్లటి పొర గట్టిపడి పనిచేయడం మానేస్తుంది. ముక్క అరగలేదు కదా, ప్రొపెల్లర్ భద్రంగా ఉందిలే అని మురిసిపోతారు, నిజానికి ఆ ముక్క నిద్రపోతోంది. మెగ్నీషియం మంచినీళ్లకి. ఉప్పులో అది ఇట్టే కరిగిపోతుంది, చుట్టూ ఉన్న రంగుని కూడా లేపేస్తుంది. మన పాయలకి సరైనది అల్యూమినియం ఆనోడు. ఉప్పులోనూ, కలిసిన నీళ్లలోనూ పనిచేస్తుంది. సగం అరిగిందంటే మార్చేయాలి. దాని మీద రంగు వేయకూడదు. అన్నిటికీ రంగు కొట్టే ఉత్సాహంలో పెయింటరు దాని మీద కూడా ఒక కోటింగు లాగించేస్తాడు, పక్కన నిలబడి చూసుకోండి.

నీళ్ల తేడా ఎంత పని చేస్తుందో ఈ ప్రాంతానికి కొత్త కాదు. కోరంగి, తాళ్లరేవు చెక్క నావలు కట్టిన ఊళ్లు. చెక్కని తొలిచే సముద్రపు పురుగు ఉప్పులోనే బతుకుతుంది, వారాల తరబడి మంచినీళ్లలో ఉంచితే చస్తుంది. పడవ అడుగున పట్టే గుల్లలూ అంతే. వరద రోజుల్లో చస్తాయి కానీ పెంకులు మాత్రం అలాగే అంటుకుని ఉంటాయి, గీకి తీసేదాకా పడవ వేగాన్ని తింటూనే ఉంటాయి. వరద తగ్గాక, మళ్లీ ఉప్పు ఎక్కే లోపు పడవని ఒడ్డుకి లాగి గీకించుకోండి.

ఇక డెక్కు, అంటే పడవ పై తలం. పాత పడవల డెక్కు రెండు ఫైబర్ పొరల మధ్య బాల్సా చెక్కో ప్లైవుడ్డో పెట్టి చేసింది. స్టాంచన్ (అంచు కంచె గుంజ), క్లీటు (తాడు కట్టే కొమ్ము), వించి (తాడు లాగే చక్రం) బిగించిన ప్రతి బోల్టు రంధ్రం నుంచీ వాననీళ్లు ఆ చెక్కలోకి దిగుతాయి. స్క్రూడ్రైవర్ పిడితో డెక్కంతా అడుగడుగునా తట్టండి. టంగుమంటే మంచిది, దబ్బుమని మొద్దుగా పలికితే లోపల కుళ్లింది. సుద్దముక్కతో ఆ మేర గీసుకుంటూ పోండి. చాలా పడవల్లో ఆ గీతలన్నీ ఫిట్టింగుల చుట్టూనే తేలతాయి.

బాగున్న చోట కూడా ప్రతి ఫిట్టింగూ విప్పి మళ్లీ బిగించాల్సిందే. 6 మిల్లీమీటర్ల బోల్టుకి పై పొరని, మధ్య చెక్కని 12 మిల్లీమీటర్లు తొలచండి, కింది పొరని ముట్టుకోవద్దు. వంచిన అలెన్ కీని డ్రిల్లుకి పెట్టి లోపలి చెక్కని చుట్టూ అర సెంటీమీటరు తినేయండి. పూర్తిగా ఆరనిచ్చి, కింద టేపు వేసి, ముందు పలచటి ఎపాక్సీతో (హార్డెనర్ కలిపితే గట్టిపడే రెజిన్) తడిపి, తర్వాత సిలికా పొడి కలిపి చిక్కబరిచిన ఎపాక్సీతో నింపండి. గట్టిపడ్డాక మధ్యలో 6 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, దాని నోరు కాస్త ఏటవాలుగా విప్పండి, నీళ్లని ఆపే మెత్తటి జిగురు పట్టీ, బ్యూటైల్ టేపు, అక్కడ ఉంగరంలా ఇమిడిపోతుంది. అప్పుడు బోల్టు. ఒక్కసారే బిగించేయకుండా రెండు మూడు రోజుల పాటు రోజూ కొంచెం కొంచెం బిగించాలి. ఇక ముందు నీళ్లు కారినా ఎపాక్సీని దాటి చెక్క దాకా పోవు. సిలికాన్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. అది వదిలే పొర మీద తర్వాత ఏదీ అంటుకోదు.

ఈ పని జనవరి నుంచి మార్చి లోపు చేయండి. వానాకాలంలో మన గాలిలో ఉండే తేమకి తడిసిన చెక్క ఆరదు. మే నెలలో ఎపాక్సీ చేతిలోనే పొగలు కక్కుతుంది. పది డిగ్రీలు పెరిగితే గట్టిపడే సమయం సగానికి సగం పడిపోతుంది. స్లో హార్డెనర్ తీసుకోండి, తెల్లవారుజామున కలపండి, లోతు గిన్నెలో కాకుండా వెడల్పు ట్రేలో పోయండి.

రెజిన్ దగ్గర ఇంకో మాట గట్టిగా చెప్పాలి. మన తీరంలో చేపల ఫైబర్ బోట్లు బాగుచేసే మేస్త్రీలు పనిమంతులు, వాళ్ల చెయ్యి తిరిగిన తీరుకి వంక పెట్టలేం. కానీ వాళ్లు వాడేది పాలియెస్టర్ రెజిన్, మ్యాటు (గాజు పోగుల చాప). కొత్త బోటు పోయడానికి అది చాలు. ముప్ఫై ఏళ్ల కిందట గట్టిపడిపోయిన పొర మీద పాలియెస్టర్ పట్టు బలహీనం, లాగితే అట్టలా ఊడొస్తుంది. రిపేరుకి ఎపాక్సీయే వాడాలి. ఎపాక్సీ తెచ్చిచ్చి, మ్యాటు మాత్రం పాతదే వాడమంటే కుదరదు. మామూలు మ్యాటులో పోగుల్ని పట్టి ఉంచే జిగురు పాలియెస్టర్‌లోని స్టైరీన్‌కి కరుగుతుంది, ఎపాక్సీకి కరగదు. నేసిన గాజు గుడ్డో, రెండు దిక్కుల్లో పోగులు పరిచి కుట్టిన బయాక్సియల్ గుడ్డో తేవాలి. పొర మందం 4 మిల్లీమీటర్లుంటే చుట్టూ దానికి పన్నెండింతలు, అంటే సుమారు 5 సెంటీమీటర్లు, ఏటవాలుగా గ్రైండింగ్ చేయాలి. పాలియెస్టర్ వాడేచోట కోబాల్టుని (గట్టిపడటాన్ని తొందరచేసే మందు), హార్డెనర్‌ని నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ పోయకండి, పేలుతుంది. ముందు కోబాల్టు రెజిన్‌లో పూర్తిగా కలవాలి, ఆ తర్వాతే హార్డెనర్. కళ్లద్దాలు లేకుండా ఎవర్నీ ఆ పనికి దించొద్దు.

మాస్టు సంగతి. స్టీలు కదా, తుప్పు పట్టదు అనే నమ్మకమే మాస్టుల్ని పడేస్తోంది. స్టెయిన్‌లెస్ స్టీలు గాలి ఆడేచోట బాగుంటుంది, గాలి తగలకుండా తడిలో ఇరుక్కున్న చోట లోలోపల చీలుతుంది. చైన్‌ప్లేటు డెక్కులోంచి దూరే ఆ రెండు సెంటీమీటర్లే దాని ప్రాణం తీసేచోటు. అక్కడ గోధుమ రంగు చార కనపడితే తుడిచేసి ఊరుకోకండి. మొత్తం బయటికి లాగి, తుడిచి, పగుళ్లని రంగుతో బయటపెట్టే డై పెనెట్రెంట్ స్ప్రే కొట్టి చూడండి. వెంట్రుకవాసి పగులున్నా కొత్తది చేయించాల్సిందే. మాస్టుని నిలబెట్టే స్టే వైర్లు పది పన్నెండేళ్లు దాటితే చూడ్డానికి ఎంత బాగున్నా మార్చాలి. ఒక్క పోగు తెగి బయటికి పొడుచుకొచ్చినా ఆ వైరు అయిపోయినట్టే. వైరు కింది చివర నొక్కి బిగించిన స్టీలు గొట్టంలో, అంటే స్వేజులో, నీళ్లు నిలుస్తాయి, అక్కడ భూతద్దం పెట్టి చూడండి. కొత్త వైర్లు వేశాక పడవ పదిహేను ఇరవై డిగ్రీలు ఒరిగినప్పుడు గాలి లేని వైపు వైరు చేతికి కాస్త వదులుగా తగలాలి. వేలాడిందంటే తక్కువ బిగించారన్నమాట.

మాస్టు ఎత్తుని నీటి మట్టం నుంచి కొలిచి కాక్‌పిట్‌లో రాసి పెట్టుకోండి. పాయల మీద వంతెనలున్నాయి, అడ్డంగా కరెంటు తీగలున్నాయి. అల్యూమినియం మాస్టు తీగని తాకనే అక్కర్లేదు, దగ్గరికి వెళ్లినా కరెంటు దూకుతుంది.

ఇంజిన్‌కి మన ఒండ్రే శత్రువు. ఎర్రనీటిలో నడిపితే నీటి జల్లెడని రోజూ విప్పి కడగాలి, పంపులో నీళ్లని తోసే రబ్బరు రెక్కల చక్రాన్ని, ఇంపెల్లర్‌ని, ఏడాదికోసారి మార్చాలి, ఒకటి ఎప్పుడూ పడవలోనే ఉండాలి. పాత ఇంపెల్లర్ రెక్క తెగి ఉంటే ఆ ముక్క దొరికేదాకా వెతకండి, అది ఇంజిన్‌ని చల్లబరిచే హీట్ ఎక్స్‌ఛేంజర్ మూతిలో కూర్చుని ఉంటుంది. షాఫ్టు అలైన్‌మెంటు పడవ నీళ్లలో దిగిన మర్నాడు చూడాలి. ఒడ్డున కొలిచింది నీళ్లలో ఉండదు, ఎందుకంటే పడవ ఆకారమే కాస్త మారుతుంది. ఇంజిన్‌నీ షాఫ్టునీ కలిపే 100 మిల్లీమీటర్ల ఫ్లాంజి బిళ్లల మధ్య తేడా 0.1 మిల్లీమీటరు దాటకూడదు.

కరెంటు పనికి ఇంటి వైరింగు మేస్త్రీని పిలవకండి. టిన్ పూత ఉన్న సన్నపోగుల రాగి వైరు కావాలి. బిల్జి పంపు 5 ఆంపియర్లు లాగుతుంది, బ్యాటరీకి 6 మీటర్ల దూరం అనుకుంటే పోనూ రానూ 12 మీటర్లు. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే 0.4 వోల్టు దారిలోనే పోతుంది, 4 వేస్తే పావు వోల్టుతో సరిపోతుంది. ప్రాణాలు నిలబెట్టే పంపు దగ్గర పొదుపు చేయకండి. లిథియం బ్యాటరీని పాత ఆల్టర్నేటర్‌కి నేరుగా కలిపితే అది ఎంతిస్తే అంత తాగేస్తుంది, ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోతుంది. నిండాక బ్యాటరీ తనంతట తాను తెంచుకుంటే ఆ దెబ్బకి డయోడ్లు పోతాయి. మధ్యలో కరెంటుని హద్దులో ఉంచే డీసీ-డీసీ చార్జర్ తప్పనిసరి.

తెరచాపల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. గుడ్డ కంటే ముందు ఎండకి కుట్టు దారం పోతుంది. గోరుతో గీరండి, తెగితే మళ్లీ కుట్టించండి. దించిన ప్రతిసారీ కవరు వేయండి.

లంగరు దగ్గర మళ్లీ మన నేల గుర్తుండాలి. అడుగున మెత్తటి బురద. 3 మీటర్ల లోతు, పోటుకి ఇంకో ఒకటిన్నర, నీటి నుంచి పడవ ముక్కు ఎత్తు 1 మీటరు, వెరసి 5.5. రాత్రి నిద్రపోవాలంటే దానికి ఏడింతలు, అంటే దాదాపు 39 మీటర్ల చైను వదలాలి. వరదలో గుర్రపుడెక్క దిబ్బలు దిబ్బలుగా, దాంతోపాటు చెట్ల మొద్దులూ కొట్టుకొచ్చి చైనుకి తగులుకుంటాయి. పట్టు ఎంత బాగున్నా ఆ బరువుకి లంగరు జారుతుంది. ఎర్రనీరు పారే రోజుల్లో పాయ మధ్యలో లంగరేసి ఇంటికి వెళ్లిపోవడం తప్పు.

తుపాను నెలల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, పడవ నీళ్లలో ఉండకపోతేనే మేలు. 1839 నవంబరులో కోరంగి రేవుని ఉప్పెన తుడిచిపెట్టింది. 1996 నవంబరు 6న కోనసీమ కొబ్బరి తోటలు నేలకొరిగాయి. ఒడ్డుకి లాగలేకపోతే తెరచాపలు, కవర్లు, తాళ్లు, గాలికి అడ్డం పడేది ఏదున్నా విప్పి దించేయండి. కాక్‌పిట్ నీళ్లు పోయే వాల్వులు తప్ప మిగతావన్నీ మూసేయండి.

మొగ, అంటే నది సముద్రంలో కలిసేచోటు, దాటే విషయంలో నలుగురూ చెప్పే సలహా ఒకటుంది: చేపల బోటు వెనకాలే పో. ఆ బోటుకి అర మీటరు నీళ్లుంటే చాలు. మీ పడవ అడుగున కిందికి దిగి ఉండే కీలుకి మీటరున్నర పైన కావాలి. అతను సాఫీగా దాటిన ఇసుక మేట మీదే మీరు కూర్చుంటారు. భైరవపాలెం దగ్గరైనా, అంతర్వేది దగ్గరైనా వరద వచ్చిన ప్రతిసారీ మేటలు చోటు మారతాయి, పోయిన ఏడాది జీపీఎస్ గీత ఈ ఏడాది పనికిరాదు. బోటువాళ్లని అడగాల్సిన ప్రశ్న వేరు: ‘బాబాయ్, పోటు మీద ఎక్కడ ఎంత లోతుంది, గెడ ఎంత దిగుతోంది?’ అని అడగండి. దాటేది పోటు ఎక్కుతున్నప్పుడు, అదీ చివరి రెండు గంటల్లో. అప్పుడు కీలు తగిలినా వెనక వచ్చే నీళ్లే పైకి లేపుతాయి. పాటు వేళ నది బయటికి తోస్తుంటే ఎదురుగా సముద్రపు అల లోపలికొస్తుంటుంది, రెండూ మేట మీద కలిసి గోడలా లేచి విరుగుతాయి. అలా విరుగుతున్నప్పుడు లోపలికి రావాలని చూడొద్దు, లోతు నీళ్లలోనే ఆగి తర్వాతి పోటు దాకా కాసుకోండి.