పదివేల లూమెన్లు పిడికిట్లో పట్టవు

తుఫాన్ల సీజన్ వచ్చిందంటే మా ఫ్యామిలీ గ్రూపులో ఈ టార్చ్ ఫార్వర్డ్ తిరగాల్సిందే. ఈసారి పంపింది మా బావ. "హుద్‌హుద్ గుర్తుందా? 10,000 లూమెన్లు, 2 కిలోమీటర్ల రేంజ్, 9900 ఎంఏహెచ్ బ్యాటరీ, ఫుల్ వాటర్‌ప్రూఫ్. లూమెన్లు ఎంత ఎక్కువైతే టార్చ్ అంత మంచిది. ఇదొక్కటి ఇంట్లో ఉంటే చాలు. ధర 399 మాత్రమే. పది మందికి పంపండి." పంపి ఊరుకోలేదు, ఒకటి కొనేశాడు కూడా. కాబట్టి చెప్పక తప్పడం లేదు బావా.

ముందు ఆ పదివేల సంగతి. లూమెన్ అంటే మొత్తం వెలుగుకు కొలత. ఇంట్లో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు డబ్బా తీసి చూడండి, 900 లూమెన్లు, అటూ ఇటూగా రాసి ఉంటుంది. అంటే పదివేలు కావాలంటే అలాంటి బల్బులు పదకొండు ఒకేచోట వెలగాలి. దాదాపు వంద వాట్లు. పిడికిట్లో పట్టే గొట్టంలో వంద వాట్లు మండితే పట్టుకున్న చేతికి బర్నాల్ రాయాలి. నిజంగా అంత వెలుగిచ్చే టార్చ్‌లు లేవా అంటే ఉన్నాయి. లావుగా, బరువుగా, మూడు నాలుగు సెల్స్‌తో, వేల రూపాయల ధరతో ఉంటాయి. అవి కూడా కొద్ది నిమిషాలకే వేడెక్కి వాటంతటవే వెలుగు తగ్గించేసుకుంటాయి.

బ్యాటరీలో ఎంత చార్జి పడుతుందో చెప్పే ఆ 9900 ఎంఏహెచ్ అయితే పచ్చి అబద్ధం. ఇందులో వేసేది 18650 రకం సెల్. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు, పేరులోనే కొలత ఉంది. ఆ సైజులో మంచి కంపెనీల సెల్స్ కూడా సాధారణంగా 3500 దగ్గరే ఆగుతాయి. బావ టార్చ్ వెనక మూత తిప్పి సెల్ బయటికి తీశాను. మా ఆవిడ కేకుల కోసం కొన్న చిన్న కాటా మీద పెడితే 29 గ్రాములు చూపించింది. అసలైన సెల్ దాదాపు 45 గ్రాములుంటుంది. పైన రంగు కాగితం మీద మాత్రం 9900 అని బంగారు అక్షరాలు!

2 కిలోమీటర్ల రేంజ్‌కి ఒక లెక్క ఉంది. పేరున్న కంపెనీలు రేంజ్ అని రాసేది వెలుగు 0.25 లక్స్‌కి (లక్స్ అంటే ఒకచోట పడే వెలుగుకు కొలత), అంటే ఇంచుమించు పున్నమి వెన్నెలంతకి పడిపోయే దూరం. దానికి లూమెన్లు కాదు, క్యాండెలాలు చూడాలి. మొత్తం ఎంత వెలుగు వస్తోందో లూమెన్ చెబుతుంది, ఒకవైపు ఎంత గట్టిగా కొడుతోందో క్యాండెలా చెబుతుంది. దూరం రెట్టింపు కావాలంటే క్యాండెలాలు నాలుగింతలు కావాలి. 2 కిలోమీటర్లకు ఏకంగా పది లక్షలు. మా విశాఖ ఆర్‌కే బీచ్‌లో నిలబడితే డాల్ఫిన్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ వెలుగు మనకు కనబడుతుంది, నిజమే. ఆ వెలుగులో మన కాళ్ల దగ్గరి చెప్పులు కనబడవు కదా! కనబడటం వేరు, చూపించడం వేరు.

వాటర్‌ప్రూఫ్ అంటే, నీళ్లను ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే ఐపీఎక్స్ నంబరు అడగండి. ఐపీఎక్స్4 మీద చిందే నీళ్లకు, ఐపీఎక్స్7 అయితే మీటరు లోతు నీళ్లలో అరగంటకు. నంబరు లేకపోతే మాట లేనట్టే.

ఇక "ఎక్కువైతే మంచిది, ఒక్కటి చాలు" అన్న మాట. నాకు కోపం దీని మీదే. 2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను పోయాక మా వీధికి కరెంటు రావడానికి రోజులు పట్టింది. నా దగ్గర అప్పుడు గొప్పగా కొనుక్కున్న పెద్ద చార్జింగ్ టార్చ్ ఉంది. రెండో రాత్రికి చచ్చింది. చార్జింగ్ పెడదామంటే ప్లగ్గులో కరెంటేది? అమ్మ గూట్లోంచి రెండు పెన్సిల్ సెల్స్ టార్చ్ తీసి, స్టీలు గ్లాసులో మొహం పైకి పెట్టి నిలబెట్టింది. వెలుగు సీలింగ్‌కి తగిలి గదంతా మెత్తగా పరుచుకుంది. అన్నాలు తిన్నాం, పిల్లలకు మందులు వేశాం. ఓ ముప్పై, నలభై లూమెన్లుంటాయేమో.

కాబట్టి ఇంట్లోకి తక్కువ వెలుగు మోడ్ ఉండి, కిరాణా కొట్లో దొరికే సెల్స్‌తో నడిచేది కొనండి. పనయ్యాక సెల్స్ తీసి పక్కన పెట్టండి, లేకపోతే కారి స్ప్రింగు పాడవుతుంది. మన ఉప్పుగాలికి కిటికీ గ్రిల్లులే ఆగవు, స్ప్రింగెంత. "8 గంటలు" అని పేరున్న కంపెనీ డబ్బా మీద ఉంటే, వెలుగు పదో వంతుకు పడేదాకా లెక్కపెట్టిన గంటలవి, ఎనిమిదో గంటలో పుస్తకం చదవొచ్చని కాదు. వీధిలోకి వెళ్లడానికి వేరేది కావాలి. ఆ వారం మా వీధిలో చెట్ల కింద తెగిన తీగలు పడున్నాయి. వాటిని పది అడుగుల ముందే చూపించడానికి సూటిగా కొట్టే 200, 300 లూమెన్లు చాలు. మోటారు విప్పాలన్నా ఫ్యూజు వేయాలన్నా తలకు కట్టుకునే లైటే హాయి, చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి.

బావ టార్చ్ ఇప్పుడు మా మేనల్లుడి చేతికొచ్చింది. సాయంత్రాలు బీచ్ గోడెక్కి డాల్ఫిన్ నోస్ వైపు కొట్టి, లైట్‌హౌస్ తిరిగి కొట్టగానే "మావయ్యా, జవాబిచ్చింది!" అంటున్నాడు.