నీలం గీతను నమ్ముకున్న బావగారు

అమెరికాలో నెవాడా రాష్ట్రం మీదుగా పోయే 50వ నంబరు రహదారిని దేశంలోకెల్లా ఒంటరి రోడ్డు అని 1986లో లైఫ్ పత్రిక రాసింది. ఆస్టిన్ అనే చిన్న ఊరు దాటితే మళ్లీ యురేకా వచ్చేదాకా 110 కిలోమీటర్ల పైమాటే. అలాంటి చోట పులిహోర తినడానికి ఏటి ఒడ్డు చూసిపెడతానని మా బావగారు మాటిచ్చారు.

ఫోనులో సిగ్నలు పోగానే ఆయన ముఖం వెలిగింది. ప్రభుత్వ సర్వే వారి కాగితం పటం తీసి బానెట్ మీద పరిచారు. పటంలో ఒక అంగుళమంటే నేల మీద 2,000 అడుగులు. కొండల దగ్గర ఎత్తు చెప్పే గోధుమరంగు గీతలు జంతికల్లా చుట్టుకున్నాయి. లోయలో మాత్రం అంతా ఖాళీ. ఆ ఖాళీలో ఒక నీలం గీత.

"ఇదిగో ఏరు!"

"మధ్యమధ్యలో తెగిపోయిందేమండీ?" అంది అక్క.

"పాత పటం కదా, సిరా చాలి ఉండదు."

తెగిన నీలం గీత అంటే వాన పడితేనో మంచు కరిగితేనో పారే వాగని, చదవడం వచ్చినవాళ్లు చెబుతారు. చెప్పడానికి అక్కడ ఆవులు తప్ప ఎవరూ లేరు. కంచెలేని మేతభూమి కాబట్టి అవి రోడ్డుకడ్డంగా నిలబడి, హారన్ కొడితే బావగారిని జాలిగా చూశాయి.

ఏరు దొరికింది, నీళ్లే లేవు. బావగారు తగ్గలేదు. పక్కనే తునకల నీలం గీత గీసిన చెరువుందన్నారు. నున్నగా, తెల్లగా, మైదానంలా ఉంది. మీద ఎండిన పొర, కింద వసంతకాలపు బురద. కారు నాలుగు చక్రాలూ మెత్తగా దిగబడ్డాయి.

"నీళ్లున్నాయని చెప్పానా లేదా?" అన్నారాయన.

పొద్దు వాలేవేళకు ఆ మేతభూముల ఆసామి పికప్ ట్రక్కులో వచ్చాడు. గట్టునే ఆగి, గొలుసు విసిరి, మాట్లాడకుండా లాగేశాడు. డబ్బు వద్దన్నాడు. అక్క పులిహోర డబ్బా చేతిలో పెట్టింది. మొదటి ముద్దతోనే ఎండుమిరపకాయ నమిలేసి, కళ్లనీళ్లు పెట్టుకుంటూ మంచినీళ్లు అడిగాడు.

మా సీసాలు ఎప్పుడో ఖాళీ. బావగారు పటం విప్పారు.