సమాధి రాళ్ల మీద యాసిడ్ పోయకండి

పల్లె శ్మశానాల్లో పాత సమాధులను శుభ్రం చేసే తీరు చూస్తే కడుపు రగిలిపోతుంది. పాలరాయి అంటే కాల్షియం కార్బొనేట్. దాని మీద యాసిడ్ పోస్తే నురగ వచ్చేది మురికి వదిలి కాదు, రాయే కరిగి! బ్లీచింగ్ నీళ్లూ అంతే. వాటిలోని లవణాలు రాతి రంధ్రాల్లోకి దిగి, స్ఫటికాలుగా పేరుకుని, పైపొరను పెచ్చులు పెచ్చులుగా ఊడగొడతాయి. ఇనప బ్రష్షుతో రుద్దితే పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు అన్నీ అరిగిపోతాయి. పాత రిజిస్టర్లు చెదలు తినో, వానకు తడిసో పోయిన చోట, ఆ మనిషి బతికాడనడానికి ఆ రాయి తప్ప వేరే ఆధారం ఉండదు. దాన్నే చెరిపేస్తే ఎలా?

సున్నంతో కట్టిన పాత సమాధికి సిమెంటు మెత్తడం ఇంకో ఘోరం. సిమెంటు తేమను బయటికి పోనివ్వదు. చివరికి పక్కనున్న మెత్తటి రాయే పగులుతుంది. గడ్డి కోసే యంత్రాన్ని రాళ్లకు తగిలించేవాళ్ల సంగతి సరేసరి.

మంచినీళ్లు, మెత్తటి బ్రష్షు, కాస్త ఓపిక చాలవా? పొడిపొడిగా రాలుతున్న రాయినైతే అసలు ముట్టుకోకండి. ముందు పక్కనుంచి ఏటవాలుగా వెలుతురు పడేటప్పుడు ఫొటో తీసుకోండి. అరిగిన అక్షరాలూ కనబడతాయి.