పబ్జీలో పునరుత్థానం: ఒక సంఘ పెద్ద ఆవేదన

మా సండే స్కూలు కుర్రాడొకడు పోయిన ఆదివారం ఆరాధన మొదలయ్యేలోపు ఏడుసార్లు చచ్చి ఏడుసార్లు లేచాడు. ఫోనులో, పబ్జీ అనే తుపాకుల ఆటలో, టీమ్ డెత్‌మ్యాచ్‌లో. యేసు తిరిగి బతికించిన లాజరంతటివాడే నాలుగు రోజులు సమాధిలో ఉన్నాడు. వీడికి నాలుగు సెకన్లు కూడా ఓపిక లేదు. మనుషులకు చావు ఒక్కసారే, ఆ తర్వాత తీర్పే అని హెబ్రీ పత్రిక 9:27 చెబుతుంటే, వీడికి తీర్పు బదులు కొత్త తుపాకీ వస్తోంది.

సంఘాలు ఎప్పుడూ ఆ తుపాకీ గురించే గొడవపడతాయి. 2007లో ఇంగ్లండులో చూశాం. సోనీ ప్లేస్టేషన్ ఆటలో మాంచెస్టర్ కేథడ్రల్ లోపల కాల్పులు పెట్టారని సంఘం మండిపడింది, సోనీ క్షమాపణ చెప్పింది. ఆట పేరు ‘రెసిస్టెన్స్: ఫాల్ ఆఫ్ మ్యాన్’. మానవుని పతనం! ఆదికాండం మూడో అధ్యాయాన్ని అట్ట మీద అచ్చేసుకుని అమ్ముతుంటే, వీళ్లు గోడలకు పర్మిషన్ తీసుకున్నారా అని అడిగారు.

అసలు దుర్బోధ పాయింట్లలో ఉంది. రక్షణ కృపవల్లే గానీ క్రియలవల్ల కాదని పౌలు ఎఫెసీయులకు రాశాడు. ఆటలో అన్నీ క్రియలే. పదిమందిని చంపు, లెవెల్ ఎక్కు. మనిషి సొంత ప్రయత్నంతో గట్టెక్కగలడన్న పెలాగియస్ బోధను 418లో కార్తేజ్ సభ ఖండించింది. ఇప్పుడది ప్లేస్టోర్‌లో ఉచితంగా దిగుతోంది.

ఉచితం అన్నానా? ఆడే ఓపిక లేనివాళ్లకు యూసీ అనే ఆటలోని నాణేలున్నాయి, డబ్బు కడితే చాలు. చర్చి చేసిన పాపపరిహార పత్రాల అమ్మకం మీద మార్టిన్ లూథర్ 1517లో తిరగబడ్డాడు. ఆ అమ్మినవాళ్లు కనీసం కాగితమైనా చేతికిచ్చారు. వీళ్లిచ్చేది తొడుక్కోలేని చొక్కా.

ప్రభుత్వం 2020లో పబ్జీని నిషేధించింది. మరుసటి ఏడే బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) అని పేరు మార్చుకుని వచ్చేసింది. సౌలు పౌలైనట్టే, మారుమనస్సు ఒక్కటి తక్కువ.

ఇదంతా ఆ కుర్రాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, నలభై నిమిషాలు, దృష్టాంతాలతో సహా వివరించాను. వాడు బుద్ధిగా తల పైకెత్తి విన్నాడు. ఇంతలో కరెంటు పోయింది. మందిరం సీలింగ్ ఫ్యాను మెల్లగా ఆగి, ఎర్ర పెయింటుతో నా పేరు, ‘కానుక’ అన్న మాట రాసున్న రెక్క సరిగ్గా వాడి నెత్తి మీదికొచ్చి నిలబడింది.

“అంకుల్, అది మీకు ఆడితే వచ్చిందా, కొంటే వచ్చిందా?” అన్నాడు.