మరీ చల్లగానా, గోరువెచ్చగానా?

(మోటార్‌హోమ్‌లో, అంటే ఇల్లులాంటి బండిలో, పొద్దున ఆరున్నర. ఆవిడ లోపల తలంటుకుంటోంది. ఆయన బయట మడత కుర్చీలో కాలు మీద కాలేసుకుని కాఫీ తాగుతున్నాడు.)

ఆవిడ: ఏవండీ! వేణ్ణీళ్లు రావట్లేదు!

ఆయన: మరీ చల్లగానా, గోరువెచ్చగానా?

ఆవిడ: నెత్తిన ఇంత నురగ పెట్టుకుని నిలబడితే పరీక్ష పెడతారేంటి?

ఆయన: అది తెలిస్తేనే కదా జబ్బు తేలేది.

ఆవిడ: గోరువెచ్చగా. మీరిచ్చే మాటల్లాగా. అటూ కాదు, ఇటూ కాదు.

ఆయన: అయితే గ్యాస్ అయిపోయుంటుంది.

ఆవిడ: ఆ చేతిలో కాఫీ ఏ గ్యాస్ మీద కాగిందో?

(ఆయన కప్పు వంక చూసి, దాన్ని కుర్చీ కింద పెట్టాడు. గ్యాస్ కేసు కొట్టేశారు.)

ఆయన: సాలీడు! బర్నర్ గొట్టంలో సాలీడు గూడు కట్టుంటుంది. గీజర్ తలుపు తీసి చూస్తా... ఊఁ, వెలుగుతూనే ఉంది.

ఆవిడ: మంట ఏ రంగు?

ఆయన: నీలం. బుస్సుమంటోంది.

ఆవిడ: గూడుంటే గాలి సరిగా అందక పసుపుగా వెలుగుతుంది. సాలీణ్ణి వదిలేయండి పాపం.

ఆయన: ఇవన్నీ నీకెలా తెలుసు?

ఆవిడ: మీరు తలగడ కింద పెట్టుకుని నిద్రపోయే ఆ మాన్యువల్ నేను చదివాను.

ఆయన: సరే, ఆనోడ్ కడ్డీ అరిగిపోయుంటుంది. పానా ఎక్కడ పెట్టావు?

ఆవిడ: ముట్టుకోకండి! ట్యాంకు వేడి మీదుంది, లోపల ప్రెషరుంది. కడ్డీ విప్పితే సలసల కాగే నీళ్లు మొహాన కొడతాయి. అయినా నీళ్లు కాగడానికీ దానికీ సంబంధం లేదు. అది తన ఒళ్లు కరిగించుకుని ట్యాంకుని తుప్పు నుంచి కాపాడుతుంది. ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు అలా.

ఆయన: ఎవరు, నేనా?

(నల్లా చప్పుడు తప్ప లోపల్నించి జవాబు లేదు.)

ఆయన: పోనీ, కరెంటు స్విచ్చి కూడా వేసేయనా? రెండూ కలిసి కాస్తాయి.

ఆవిడ: పోయినసారి ట్యాంకు ఖాళీగా ఉండగా వేశారు. రెప్పపాటులో ఎలిమెంట్ మాడింది. మళ్లీ ఆ స్విచ్చి జోలికెళ్లకండి.

(ఆవిడ నైటీ వేసుకుని, నురగ తలకే తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చింది. ఆ తువ్వాలు ఎత్తు చూసి ఆయన లేచి నిలబడ్డాడు.)

ఆవిడ: చలికాలం ముందు పైపులు గడ్డకట్టకుండా ఆంటీఫ్రీజ్ మందు పోశారే, అది ట్యాంకులోకి పోకుండా బైపాస్ వాల్వ్ తిప్పారు. మళ్లీ మామూలుగా తిప్పారా? లేకపోతే చన్నీళ్లు ట్యాంకుని దాటేసి నేరుగా వచ్చేస్తాయి.

ఆయన: తిప్పకేం! తిప్పాను!

(నిరూపించడానికి మంచం కింద అరలోంచి రెండు దుప్పట్లు, మూడు జతల చెప్పులు, నిరుడు పోయిందనుకున్న గొడుగు బయటికి తీయాల్సొచ్చింది. వాల్వ్ సరిగ్గానే ఉంది.)

ఆయన: చూశావా! ఈసారి తప్పు నాది కాదు!

ఆవిడ: తొందరపడకండి. ట్యాంకులోంచి బయటికొచ్చే పైపు ముట్టుకోండి.

ఆయన: అబ్బా! కాలింది!

ఆవిడ: పైపు మొదట్లో కాలుతోంది, నా నెత్తి దగ్గరకొచ్చేసరికి గోరువెచ్చన. అంటే దారిలో ఎక్కడో చన్నీళ్లు కలుస్తున్నాయి. గీజర్ ఆపి, ట్యాంకులోకి నీళ్లెళ్లే వాల్వ్ కట్టేయండి. ఇప్పుడు వేడి కుళాయి తిప్పండి. ఒకటి రెండు చుక్కలు రాలి ఆగిపోవాలి.

ఆయన: ధారగా వస్తున్నాయే!

ఆవిడ: ట్యాంకుకి దారి మూశాక కూడా వస్తున్నాయంటే దొంగదారి ఉన్నట్టే. రాత్రి బురద కాళ్లు ఎక్కడ కడిగారు?

ఆయన: బయటి షవర్ దగ్గర. కట్టేశానులే.

ఆవిడ: ఏం కట్టేశారు?

ఆయన: చేత్తో పట్టుకునే దాని మీద బొత్తాముంటుందిగా... అది నొక్కాను. నీళ్లు ఆగాయి.

ఆవిడ: వెనకాల రెండు కుళాయిలు?

ఆయన: ...

ఆవిడ: వినపడలేదు.

ఆయన: తెరిచే ఉన్నాయి.

ఆవిడ: మూతి మూసి, రెండు కుళాయిలూ తెరిచి పెట్టారు. చన్నీళ్లు అందులోంచి అటు తిరిగి వేడి పైపులోకి దూరాయి. ఇంటి సాలీణ్ణి కూడా అనుమానించారు కానీ...

(ఆయన వెళ్లి రెండు కుళాయిలూ బిగించి, వాల్వ్ తెరిచి గీజర్ వేశాడు. ఆవిడ మళ్లీ లోపలికెళ్లింది. ఈసారి వచ్చిన కేక వేరు.)

ఆవిడ: అమ్మో, చెయ్యి కాలింది! చన్నీళ్లు కలుపుకోవాలి.

ఆయన: ఎలా ఉంది నా రిపేరు?

(తీరిగ్గా ఆవిడ స్నానమైంది. సబ్బుపెట్టెతో ఆయన వెళ్లాడు. సరిగ్గా రెండు నిమిషాలు.)

ఆయన: ఏమేవ్! మళ్లీ చల్లబడ్డాయి! ఇంకో కుళాయి ఎక్కడో తెరిచుంది!

ఆవిడ: కుళాయిలన్నీ బాగానే ఉన్నాయి. ట్యాంకులో పట్టేదే 22 లీటర్లు. నా జుట్టు చూశారుగా. అరగంట ఆగండి.

ఆయన: ఒళ్లంతా సబ్బే!

ఆవిడ: మరీ చల్లగానా, గోరువెచ్చగానా?