మహారాజశ్రీ రెటీనా గారికి

మహారాజశ్రీ రెటీనా గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే మీ కుశలమే అనుమానంగా ఉంది. ఇందాక కంటి డాక్టరుగారు మీ స్కాన్ చూపించారు. కంటి లోపల వెనకవైపు పరుచుకున్న మీలో, అర మిల్లీమీటరు కూడా లేని మందంలో 10 పొరలట! ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టేవాళ్లు చూస్తే దణ్ణం పెడతారు.

పనితనం సరేగానీ, ఆ కూర్చోబెట్టిన పద్ధతేంటండీ? వెలుగుని పట్టే దండకణాలు, శంకుకణాలేమో వెనక బెంచీలో, అదీ వెలుగుకి వీపు పెట్టి. ముందు వరసల్లో కాగితాలు అందించే గుమాస్తాల్లాంటి నాడీకణాలు, వాటి తీగలు, రక్తనాళాలు. వెలుగు పాపం వీళ్లందరినీ దాటుకుని పోవాలి. ఎందుకయ్యా అంటే, వెనకున్న నల్లపొర ఆ కణాలకి తిండి అందిస్తుందట, రోజూ రాలే ముక్కల్ని మింగి శుభ్రం చేస్తుందట. అంటే క్యాంటీను అటుంది కాబట్టి స్టాఫంతా అటు తిరిగారన్నమాట! మా ఊరి ఆఫీసుల్ని ఇన్నాళ్లూ ఊరికే ఆడిపోసుకున్నాను.

దాదాపు 10 కోట్ల కణాలు చూసింది మెదడుకి మొయ్యడానికి తీగలు 10 లక్షల చిల్లర. పోనీండి. ఆ తీగలు బయటికెళ్లే కన్నం దగ్గర మాత్రం చూసే కణం ఒక్కటీ లేదు. ఇంటికొచ్చి ఎడమకన్ను మూసి, చేతులు చాపి, రెండు బొటనవేళ్లు పక్కపక్కన నిలబెట్టాను. చూపు ఎడమవేలి మీదే ఉంచి కుడివేలిని మెల్లగా పక్కకి జరిపితే, జానెడు దాటకుండానే గోరు మాయం! "డాక్టరు దగ్గరికెళ్లొచ్చి ఈ డాన్సులేంటి?" అంది మా ఆవిడ. ఆ ఖాళీలో మెదడు చుట్టుపక్కల రంగే పూసి కప్పెడుతోంది. 1660ల్లో ఫ్రాన్సులో మారియట్ అనే శాస్త్రవేత్త పట్టుకునేదాకా మీ గుట్టు సాగింది. ఆక్టోపస్ కంట్లో తీగలు వెనకవైపునుంచే పోతాయి, ఈ గొడవే లేదు.

అసలు కోపం వేరే ఉంది. పదకొండేళ్లుగా నాకు షుగరు. డాక్టరుగారి నారింజరంగు ఫొటోలో ఎర్రచుక్కలు, ఆవాలు చల్లినట్టు. సన్న నాళాలు ఉబ్బి కారుతుంటే ఒక్కమాట చెప్పొద్దూ? పంట్లో పిసరంత పుచ్చుంటే రాత్రంతా ఇల్లు లేపుతుంది. మీకు నొప్పే తెలీదట!

మూడు నెలల్లో మళ్లీ రమ్మన్నారు. ఈలోగా లడ్డూల సంగతి నేను చూసుకుంటాను, నాళాల సంగతి మీరు చూడండి.

ఇట్లు,
మీ యజమానినని ఇన్నాళ్లూ అనుకున్నవాడు

తా.క.: అక్షరాలు అలుక్కుపోయినట్టున్నాయి. ఈ ఒక్కదానికీ మిమ్మల్ని అనను, చుక్కలమందు వేశారు.